ఆరులో పావులు

అల్లూరుకు తూర్పున, సముద్రానికి దగ్గరున్న ఒక పల్లె బడిలో అప్పుడు నేను ఐదో తరగతికి లెక్కలు చెప్పేదాన్ని. దశాంశాలంటే నాకు చిన్నప్పటి నుంచీ భయం. చుక్కను ఎన్ని స్థానాలు జరపాలో కంఠతా పట్టి పరీక్షలు గట్టెక్కాను. ఎందుకు జరపాలో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఒకరోజు నోటిలెక్కలు అడుగుతూ, ఆరును సున్నా పాయింట్ రెండు ఐదుతో భాగిస్తే ఎంతని పుస్తకం చూసి చదివాను. చేపలు పట్టే ఇంటి పిల్ల ఒకతె వెంటనే లేచి, "ఇరవై నాలుగు మేడం" అంది.

"భాగిస్తే తగ్గాల గదా. ఆరుకంటే ఎక్కువ ఎట్టా వస్తాది?"

"అది పావే గదా మేడం. మా అమ్మ ఎండురొయ్యలు పావుకిలో పొట్లాలు కడతాది. ఆరు కిలోలకి ఇరవై నాలుగొస్తాయి."

నేను బోర్డు మీద చేసి చూపించాను. చుక్క తప్పుచోట పడి 2.4 వచ్చింది.

"ఆరు కిలోలకి మూడు పొట్లాలు గూడా రావా మేడం?" అని ఆ పిల్ల నిజంగానే అడిగింది. తరగతంతా నవ్వింది. నన్ను చూసే నవ్వారనిపించి, గంట కొట్టేదాకా ఆమెను నిలబెట్టాను.

ఇంటికెళ్లే బస్సులో ఫోన్ తీసి లెక్క చూశాను. ఇరవై నాలుగే. మరుసటి రోజు చెబుదామనుకున్నాను, నోరు రాలేదు. వారం గడిచాక ఇంకెవరికి గుర్తుంటుందిలే అని సర్దుకున్నాను. ఆ పిల్ల మళ్లీ చెయ్యెత్తలేదు.

తర్వాత నాకు బదిలీ అయింది. ఆరేళ్లకు, ఒక శిక్షణలో కాగితం మడతలు పెట్టి ఇదే లెక్క నేర్పారు. నాకది అర్థమైంది ఆ రోజే. ఆ ఆదివారం ఆ పిల్ల వాళ్లింటికి వెళ్లాను.

"పదిలో లెక్కలు పోయినాయి మేడం," అంది వాళ్లమ్మ. "మళ్లీ రాయమంటే, నాకు లెక్కలు రావని ఐదులోనే తెలుసు అంటాది. రొయ్యల షెడ్డుకి పోతా ఉంది."

కాసేపటికి ఆ అమ్మాయి వచ్చింది. ఐసులో నాని వేళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"ఆ రోజు నువ్వు చెప్పిందే కరెక్టమ్మా. తప్పు నాది. ఆ సాయంత్రమే తెలిసింది, అయినా చెప్పలేదు," అన్నాను.

"ఏ లెక్కో గుర్తులేదు మేడం. నిలబెట్టినారు, అది గుర్తుంది." గొంతులో కోపమేమీ లేదు.

ఆదివారాలు వచ్చి చెబుతాను, మళ్లీ రాయమన్నాను. "వద్దులే మేడం" అని, నేను టీ తాగేదాకా పక్కనే కూర్చుని, బస్సు దాకా వచ్చి ఎక్కించింది.

ఆ తర్వాత రెండు ఆదివారాలు వెళ్లాను. రెండుసార్లూ ఇంట్లో లేదన్నారు.