ముసలి బాలింత పథ్యం

పోయిన మంగళవారం మా మనవరాలిని, దాని ఒళ్లో వారం రోజుల మగబిడ్డను టెక్కలి ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చారు. నేను తెల్లవారకుండానే లేచి వెల్లుల్లి వలిచి, పాతబియ్యంలో రాళ్లు ఏరి, వాము దోరగా వేయించి సిద్ధంగా కూర్చున్నాను. అది వచ్చీ రాగానే మంచమెక్కి బిస్కెట్ పొట్లం చించింది. ఇదేమిటే అని అడిగితే, "నర్సమ్మ సెప్పింది నానమ్మా, పథ్యమేటీ లేదట, అన్నీ తినొచ్చట" అని ఇంకో బిస్కెట్ నోట్లో వేసుకుంది. నా చేతిలోని వెల్లుల్లి చేతిలోనే ఉండిపోయింది. అన్నీ తినొచ్చు అన్న ఆ మాట నేను ఇదివరకే ఒకసారి విన్నాను. కొన్నాళ్లు దాన్ని నమ్మీ, ఆ తర్వాత నమ్మకా, రెండు విధాలా ప్రాణం మీదికి తెచ్చుకున్నదాన్ని.

నాకు అనుమానం ఎక్కువని ఇంట్లో అందరూ అంటారు. నిజమే, మాత్రల రంగు మారినా, పాల పొట్లం ఉబ్బినా, రేషను బియ్యం మరీ తెల్లగా ఉన్నా నాకు అనుమానమే. కానీ ఉద్దానంలో పుట్టి పెరిగి అనుమానం లేకుండా బతికిన మనిషి ఉంటే నాకు చూపించండి. మా అక్క జీడితోటలో పిక్కలు ఏరీ ఏరీ మోకాళ్లు పట్టేసి, దుకాణంలో దొరికిన నొప్పి బిళ్లలు ఏళ్ల తరబడి మింగింది. చివరికి కిడ్నీలు పోయాయన్నారు. బిళ్లల వల్ల పోయాయో, బావినీళ్ల వల్ల పోయాయో, మా మట్టిలోనే ఏదైనా ఉందో, ఈనాటికీ నాకు తెలియదు. ఎవరెవరో సీసాలు పట్టుకొచ్చి నీళ్లు తీసుకెళ్లారు, జబ్బలకు రబ్బరు కట్టి రక్తం తీసుకెళ్లారు, ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్పారు. ఈలోగా అక్క వెళ్లిపోయింది. మా వీధిలో సంతకం చేయడం రాని ముసలమ్మ కూడా కిడ్నీల పరీక్షలో చూసే క్రియాటినిన్ అన్న మాట తప్పులేకుండా పలుకుతుందంటే, మేమెలా బతికామో మీరే ఊహించుకోండి.

అక్క పోయిన మరుసటి ఏడు నాకు షుగరు ఉందన్నారు. అప్పటికి నాకు యాభై దాటాయి, పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీసే పనికి వెళ్తున్నాను. షుగరు ముదిరితే కిడ్నీలకే వస్తుందని ఆసుపత్రిలో పక్కమంచం మీద కూర్చున్న ఆవిడ ఎవరో అన్నది, అంతే, నాకు అక్క మొహం కనిపించింది. డాక్టరు గారు కాగితం రాస్తూ ఉంటే, భయపడుతూనే అడిగాను, పథ్యమేటి బాబూ అని. ఆయన తల ఎత్తకుండానే, పథ్యమేమీ లేదమ్మా, అన్నీ కొంచెం కొంచెంగా తిను, పొద్దున్న ఇడ్లీ, రాత్రి చపాతీ, మధ్యలో నీరసం వస్తే రెండు బిస్కెట్లు, మాత్రలు మాత్రం మానకు అన్నారు.

నా ఈడు వాళ్లకు తెలుస్తుంది, మన ఇళ్లలో గోధుమపిండి ఎప్పుడుండేదని? చోడి అంబలి, అదే రాగి అంబలి, గంజన్నం తాగి పెరిగిన ఒళ్లు ఇది. అయినా డాక్టరు మాట కదా అని ఇడ్లీలు వండుకున్నాను, రాత్రికి చపాతీలు ఒత్తాను. అన్నం కాదు కదా అనే ధీమాతో నాలుగేసి, ఐదేసి, బంగాళాదుంప కూర నంజుకుని మరీ తిన్నాను. పంచదార లేని టీలో బిస్కెట్లు ముంచుకున్నాను. మా ఇంటాయన కూడా నాతో పాటు ఆ చపాతీలు నమిలి, నీ రోగానికి నాకెందుకే శిక్ష అని విసుక్కునేవాడు. మూడు నెలలు పోయాక చూస్తే షుగరు దిగకపోగా ఇంకో మెట్టు ఎక్కింది. డాక్టరు గారు ఇంకో మాత్ర కలిపారు. చెప్పినదంతా చేస్తే రోగం పెరగడమేమిటి, మాత్ర కలపడమేమిటి? అక్కకు కూడా ఇలాగే ఒకటి రెండై, రెండు మూడై ఉంటాయి కదా అని నాకు నిద్ర పట్టడం మానేసింది.

అప్పుడు గుర్తుకొచ్చింది మా అత్త మాట. ఆవిడ చనిపోయి అప్పటికి చాలా ఏళ్లు. పథ్యం లేని మందు మందే కాదు అనేది ఆవిడ. పూర్వం నాటువైద్యులు ఆకు పసరు ఇచ్చినా, వేరు అరగదీసి ఇచ్చినా, ముందు నాడి పట్టుకుని, నిన్నేం తిన్నావు, మొన్నేం తిన్నావు అని అడిగేవారు. ఆ తర్వాత ఇది మాను, అది తిను అని చెప్పి, అప్పుడు మందు చేతిలో పెట్టేవారు. ఈ డాక్టరు గారు పథ్యం చెప్పలేదు. అంటే మందు పని చేయదన్నమాట, పథ్యం నేనే పట్టాలన్నమాట. అలా అనుకున్నాను. కానీ ఏ పథ్యం? నాకు మొదటి నుంచి చివరిదాకా తెలిసిన పథ్యం లోకంలో ఒక్కటే ఉంది. నా పెద్దకొడుకు పుట్టినప్పుడు మా అత్త నా చేత పట్టించిన బాలింత పథ్యం.

అది నాకు నిన్న జరిగినట్టు జ్ఞాపకం. మధ్యాహ్నం ఒక్కపూటే అన్నం, అదీ పాతబియ్యం, దోసెడంటే దోసెడే. మొదటి ముద్ద వెల్లుల్లి కారంతో, మీద నువ్వులనూనె. తర్వాత వేయించిన ఎండు నెత్తళ్ల చేపలు, మునగాకు, బీరకాయ. దుంపలు కూడదు, తీపి కూడదు, చల్లనివి కూడదు. రాత్రికి చోడిరొట్టె ముక్క ఒకటి. పగలు కన్ను మూయకూడదు, భోజనమయ్యాక గదిలోనే అటూ ఇటూ నడవాలి. చెవుల్లో దూది తీయకూడదు. కాయం అని బెల్లంతో చేసే మందు ఉండ ఒకటి రోజూ మింగాలి. ఇప్పుడు షుగరు మనిషిని కనుక, ఆ కాయం ఒక్కటి మానేశాను. మా అత్త పైనుంచి చూస్తే ఊరుకోదని కొంచెం బెరుకు వేసింది. అందుకే మిగతాదంతా తు.చ. తప్పకుండా చేయాలనుకున్నాను, దూదితో సహా.

ఫ్యాక్టరీలో మేమంతా వరసగా కూర్చుని చిన్న కత్తులతో పప్పు మీది పొట్టు గీకేవాళ్లం. చేతులు కదులుతూనే ఉంటాయి కనుక నోళ్లకు అడ్డు ఉండేది కాదు. నా పక్కన మా తోడికోడలు కూర్చునేది. మొదటి రోజు నేను టీ వద్దన్నాను, రెండో రోజు బిస్కెట్ వద్దన్నాను, మూడో రోజు క్యారేజీ మూత తీస్తే వెల్లుల్లి వాసన షెడ్డంతా కమ్మేసింది. అది నా చెవుల వంక చూసింది, క్యారేజీలోకి చూసింది, కత్తి కింద పెట్టేసింది.

"ఓలప్పా, నిజం సెప్పు, మగపిల్లడా ఆడపిల్లా?"

వరస వరసంతా ఘొల్లుమంది. ఆ రోజు నుంచి నా పేరు ముసలి బాలింత. నేను లేవబోతే "ఒలే, బాలింతరాలు లెగుస్తన్నాది, సెయ్యందుకోండే" అనేవారు. బయట చినుకు పడితే "అప్పా, సల్లగాలి తగులుతాది, లోపలికి జరుగు" అనేవారు. నేను కూడా తగ్గేదాన్ని కాదు, "నవ్వండి నవ్వండి, మీ పురుళ్లకి నానే మంత్రసానినవుతాను" అనేదాన్ని. కానీ లోపల మాత్రం నా భయం నాకుండేది. వాళ్లకు నవ్వులాట, నాకు కళ్ల ముందు అక్క పోయిన మంచం.

వారం తిరిగేసరికి ఒళ్లు తేలికైంది. రాత్రిళ్లు పదే పదే లేవడం తగ్గింది, పాదాల మంట చల్లారింది. ఇదంతా పథ్యం మహిమే అనుకున్నాను. మరి మాత్రలు ఎందుకు మానలేదంటారా? వాటిని నమ్మి కాదు. మానితే ఏమవుతుందోనని ఆ మానడం మీద కూడా నాకు అనుమానమే. అలా రెండు పడవల్లో కాళ్లు పెట్టాను. తిండి పావు వంతుకు దిగింది, మాత్రలు మాత్రం పాతవీ కొత్తవీ అన్నీ అలాగే పడుతున్నాయి.

పదమూడో రోజు, పదకొండు గంటల వేళ, చేతిలో పప్పు రెండుగా కనబడింది. చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, కత్తి జారింది. ఆ తర్వాత నాకు తెలిసిందల్లా నోట్లో తీపి. మా తోడికోడలు టీ డబ్బాలోని పంచదార నీళ్లలో కలిపి, చెంచాతో నా నోట్లో పోస్తూ ఏడుస్తోంది. అంత మైకంలోనూ నాకు ముందుగా తోచింది, తీపి కూడదే, పథ్యం చెడిందే అని.

ఆటోలో పలాసలోనే ఒక ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ వేలు గుచ్చి చూసి, మాత్రలు ఎక్కువేమైనా వేసుకున్నావా అని అడిగింది. లేదన్నాను. అన్నం మానేశావా అంది. లేదు, మీవోళ్లు సెప్పినట్టే ఇడ్లీ, చపాతీ తింతన్నానని అబద్ధం ఆడాను. ఎందుకాడానంటే, నిజం చెబితే తిడుతుందని, తిట్టి ఇంకో మాత్ర కలుపుతుందని. ఆవిడ నమ్మలేదు. నా కళ్లలోకి చూస్తూ మళ్లీ అడిగింది. నేను ఆవిడను అనుమానిస్తున్నాను, ఆవిడ నన్ను అనుమానిస్తోంది. మూడోసారి అడిగేసరికి మా తోడికోడలు ఇక ఆగలేకపోయింది.

"అబద్ధమండి డాక్టరమ్మా! ఆయమ్మ బాలింత పథ్యం సేత్తన్నాదండి! సెవుల్లో దూది సూడండి!"

గదిలో ఉన్న నర్సులు నవ్వారు. గుమ్మంలో నిలబడ్డ ముసలాయన కూడా నవ్వాడు. డాక్టరమ్మ నవ్వలేదు. కుర్చీ నా మంచం దగ్గరికి లాక్కుని, ఏదీ, పొద్దున్న లేచిన దగ్గర్నుంచి చెప్పమ్మా, ఏం తిన్నావు, ఎంత తిన్నావు, ఏ వేళకు తిన్నావు అని ఒక్కొక్కటే అడిగి కాగితం మీద రాసుకుంది. దోసెడంటే ఎంతో నా చేతులు పట్టి చూపించమంది. నేను చూపించాను. నా జన్మలో ఇంగ్లీషు మందు ఇచ్చే మనిషి నా దోసిలి వైపు చూడటం అదే మొదలు.

అంతా విని, ఇంత తక్కువ తిండికి ఇన్ని మాత్రలు పడితే షుగరు పడిపోక ఏమవుతుందమ్మా అంది. ఒక మాత్ర పూర్తిగా తీసేసి, ఇంకోటి సగం చేసింది. ఎండు చేపల ఉప్పు మన ఉద్దానం మనుషులకు మంచిది కాదు, పచ్చి చేప తిను అంది. ఈసారి తిండి మార్చేముందు వచ్చి చెప్పు, మాత్రలు నువ్వే మానేయకు, మూడు నెలలకోసారి క్రియాటినిన్ చూపించుకో అంది. నాకు కోపమూ వచ్చింది, సిగ్గూ వేసింది. మొదటాయన ఈ ప్రశ్న మొదటి రోజే అడిగి ఉంటే నేను పడిపోయేదాన్ని కాదు. నేను నా అంతట నేను చెప్పి ఉన్నా పడిపోయేదాన్ని కాదు. బయటకొచ్చి దూది తీసి మురికికాలవలో పడేశాను.

ఆ తర్వాత ఇన్నేళ్లుగా ఒక్కపూట అన్నమే తింటున్నాను, రాత్రికి చోడిరొట్టె. షుగరు చెప్పిన మాట వింటోంది, కిడ్నీలు ఇంకా నావే. ఇది పథ్యం వల్లనా, సగం మాత్ర వల్లనా, భోజనం తర్వాత నడక వల్లనా అని అడిగితే చెప్పలేను. ఎవరైనా ఇదిగో దీనివల్లే అని గట్టిగా చెబితే మాత్రం వాళ్లను అనుమానిస్తాను. ఆ డాక్టరమ్మ ఏడాదిన్నరకే ఎక్కడికో బదిలీ అయింది. పోయిన నెల కొత్తాయన దగ్గరికి వెళ్లాను. పొద్దున్నుంచి ఏం తిన్నానో బస్సులో అంతా మనసులో వల్లించుకుంటూ వెళ్లాను. ఆయన మిషను వంక చూశారు, కాగితం వంక చూశారు, బాగుంది అదే కంటిన్యూ అన్నారు. వల్లించుకున్నదంతా వల్లించుకున్నట్టే ఇంటికి మోసుకొచ్చాను.

మా కాలంలో గుమ్మం ముందు నుంచి వెళ్లే మనిషిని కూడా ఏటి కూర అని అడిగేవారు. ఆ ప్రశ్నలోనే మనిషి ఒంటి సంగతి, ఇంటి సంగతి తెలిసిపోయేవి. ఇప్పుడు రక్తాన్ని అడుగుతున్నారు, మూత్రాన్ని అడుగుతున్నారు, మనిషిని అడగడం తగ్గిపోయింది. అందుకే మనవరాలిని నేను పూటపూటకూ వేధిస్తున్నాను, ఏటి తిన్నావే, ఎన్ని తిన్నావే అని. నర్సమ్మ చెప్పింది తప్పని అనను, ఒప్పని కూడా అనను, దాని నోటితో వింటే నాకు నిమ్మళం.

నిన్న మధ్యాహ్నం అది విసిగిపోయి, బిడ్డను భుజానేసుకుని, ఫోను చూస్తూనే, "నన్నడుగుతావు సరే, నువ్వేటి తిన్నావు నానమ్మా?" అంది. వెల్లుల్లి కారం గొడవ తప్పించుకోవడానికే అడిగిందని నాకు అనుమానం. అయినా మంచం అంచున కూర్చుని, తెల్లవారి తాగిన మజ్జిగ దగ్గర మొదలుపెట్టి, దోసిలి పట్టి చూపిస్తూ, మొత్తమంతా చెప్పాను.