చొక్కాకి చిల్లు

సినిమాలకు దుస్తులు కుట్టే ఆ దర్జీ పెదవుల మధ్య ఎప్పుడూ గుండుసూదులుంటాయి. అందుకే మాటలు తక్కువ. ఈసారి సినిమా, దేశాన్ని ఆక్రమించిన సైన్యంతో అడవుల్లోంచి పోరాడినవాళ్ళ కథ. వాళ్ళ చొక్కాలకు గుండె దగ్గర సిగరెట్టుతో కాల్చి తూటా చిల్లులు పెడుతున్నాడు. తండ్రీ అలాంటి పోరులోనే తుపాకీకి రొమ్ము చూపి పోయాడని తల్లి చెప్పగా వింటూ పెరిగాడు. పక్కనే గుండీలు కుడుతున్న ఆ తల్లి ఒక చొక్కా అందుకుని, తిరగేసి, వీపు మీద వేలు పెట్టింది.

"మీ నాన్నకి ఇక్కడ తగిలిందిరా."

సూదులు తీసేశాడు. "పారిపోతుంటేనా అమ్మా?"

"పారిపోవడమేంట్రా! నువ్వు పుట్టావని తెలిసి ఆగలేక ఇంటికొచ్చాడు. కాసేపు ఎత్తుకుని, తిరిగి గుమ్మం దిగుతుంటే కాల్చారు."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నీ వల్లే అనుకుంటావని."