వంతెన దాటాక పలకరింపు

మా పక్కింటి మామ్మగారు తెల్లవారుజామున నిద్రలోనే పోయారు. వాళ్ళ కోడలు గోడ మీదుగా పిలిచి ఆ మాట చెప్పి, అవతలి గట్టున ఉండే మామ్మగారి చెల్లెలికి కబురందించి రమ్మంది. ఎవరి చేతా చేయించుకోకుండా వెళ్ళిపోయారు, అదృష్టవంతురాలని అంతా అన్నారు. నిజమే కావచ్చు. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు.

ముమ్మిడివరం దగ్గర కాలవ గట్టు మీద మా ఇళ్ళు. తొంభైల్లో నేను కాపురానికొచ్చేసరికి మామ్మగారు గట్టు వెంట నడుస్తూనే కనకాంబరాలు మాల కట్టేవారు, ఎదురైనవాళ్ళతో కబుర్లాడేవారు. కాలవ మీద కొబ్బరి దుంగల వంతెన. మేమంతా కొంగు దోపుకుని కిందికి చూసుకుంటూ దాటితే, ఆవిడ మాట ఆపకుండా దాటేసేవారు. "కాళ్ళకి దారి తెలుసమ్మా, నోటినెందుకు ఖాళీగా ఉంచడం" అనేవారు.

వాళ్ళాయన, తాతగారు, పోయాక ఆ నడక మారింది. ఏదైనా అడిగితే ఆగి, జవాబు చెప్పి, అప్పుడు కదిలేవారు. వయసు కదా అనుకున్నాం. మా వైపు ఎవరూ ఎదురైన మనిషిని ఏం కూర అని అడగకుండా వదలరు. ఒకరోజు ఆవిడ వంతెన మధ్యలో ఉండగా అవతలి టీ కొట్టాయన మర్యాదగా, "ఏం కూరండీ మామ్మగారూ?" అన్నాడు. ఏం వండారో గుర్తు చేసుకోబోయి ఆవిడ కాలవలో పడ్డారు. నీళ్ళు తక్కువగా ఉన్నాయి కాబట్టి మణికట్టు బెణకడంతో పోయింది.

అమలాపురంలో డాక్టరుగారు వరండాలో నడుస్తూ కూరగాయల పేర్లు చెప్పమన్నారు. వంకాయ, బెండకాయ అని ఆవిడ ఆగిపోయారు.

"జ్ఞాపకం కొంచెం మందగించిందండీ. దిగులు కూడా ఉంది. ఇలాంటప్పుడు బుర్రంతా నడకకే సరిపోతుంది, మాటకి మిగలదు. నడిచేటప్పుడు పలకరించకండి. కూర్చోబెట్టి ఎంతసేపైనా మాట్లాడండి" అన్నారాయన.

కొడుకు ఇక వంతెన ఎక్కొద్దన్నాడు. చెల్లెలితో కబుర్లు కూడా పోతే మామ్మగారు మంచం పడతారని నా భయం. అందుకే గట్టంతా తిరిగి, ఆవిడ దాటేదాకా ఎవరూ నోరెత్తొద్దని బతిమాలుకున్నాను. అందరూ ఆయ్, అలాగే అన్నారు, అన్నమాట నిలబెట్టుకున్నారు కూడా.

కొన్నాళ్ళకి ఆవిడ మా అరుగు మీద కూర్చుని కళ్ళొత్తుకున్నారు. "నన్ను చూసి అందరూ మొహం తిప్పేసుకుంటున్నారమ్మా. ఆయన పోయేరు కదా, నేనెదురొస్తే శకునం మంచిది కాదనుకుంటున్నారేమో."

నా మనసు చివుక్కుమంది. చెప్పాల్సిన ఒక్క మనిషికే చెప్పడం మరిచిపోయాం. ఆ పూటే ఆవిడ చెయ్యి పట్టుకుని అంతా వివరంగా చెప్పాను. సంగతి తెలిసిన టీ కొట్టాయన తన బల్ల తెచ్చి వంతెన చివర వేశాడు. ఆవిడ దాటొచ్చి కూర్చున్నాకే, "ఇప్పుడు చెప్పండి, ఏం కూరండీ?" అనేవాడు. "ఉండవయ్యా, ఆలోచించుకోనీ" అని ఆవిడ నవ్వేవారు. మాటా నడకా మళ్ళీ ఎప్పుడూ కలవలేదు గానీ, నవ్వు మాత్రం తిరిగొచ్చింది.

ఆవిడ పోయిన పొద్దున, చెల్లెలికి కబురు చెప్పడానికి నేను వంతెన ఎక్కాను. ఏడుపుతో దుంగలు సరిగ్గా కనబడటం లేదు. అవతల టీ కొట్టాయన నన్ను చూసి లేచాడు. భుజం మీది తువ్వాలుతో బల్ల తుడిచి, నేను గట్టు మీద కాలు పెట్టేదాకా అలాగే నిలబడ్డాడు.

అప్పుడడిగాడు, "మామ్మగారేనాండీ?"