కారుకు పడవ వైరింగ్

మా దీవిలో, ఈ ప్రోతరాపూర్‌లో, ఆరు కాకముందే చీకటి పడుతుంది. మా ఆవిడ సోమవారం సాయంత్రాలు చాతం దగ్గర ఒక హాల్లో పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పుతుంది. ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడే పిల్లలే, పుస్తకం ఇస్తే మాత్రం దిక్కులు చూస్తారు. క్లాసయ్యాక బస్సు కోసం నిలబడడం ఆమె మోకాళ్ళతో అయ్యే పని కాదు. అందుకని నా పాత కారులో తీసుకువెళ్ళి తీసుకొస్తాను. ఈ వానాకాలం దాని హెడ్‌లైట్లు మసకబారి, గతుకు వచ్చినప్పుడల్లా ఆరిపోవడం మొదలుపెట్టాయి. నా డైరీలో వరసగా రెండు సోమవారాలు 'క్లాసు లేదు' అనే ఉంది.

"ఈ వారం కూడా ఇంతే అయితే, ఇక మానేస్తున్నానని పిల్లలకి చెప్పేస్తానండీ," అంది ఆవిడ. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

శనివారం పొద్దున్నే బ్యాటరీ విప్పి, డాష్‌బోర్డులోంచి లైటు స్విచ్చి బయటికి తీశాను. సముద్రపు గాలికి లోపలి ఇత్తడి పచ్చగా చిలుం పట్టింది. ఉప్పుకాగితంతో మెల్లగా గీకి, పాత పళ్ళ బ్రష్షుతో తోమాను.

"మీ పళ్ళకంటే అదే బాగా మెరుస్తోంది," అంటూ ఆవిడ టీ గ్లాసు పక్కన పెట్టింది.

స్విచ్చిని బల్లమీద బ్యాటరీకీ ఒక బల్బుకీ కలిపి చూశాను. చక్కగా వెలిగింది. కారులో బిగిస్తే మళ్ళీ అదే మసక. మధ్యాహ్నం, కాలితో నొక్కే డిప్పర్ స్విచ్చి తీశాను. నా చెప్పు మోసుకొచ్చిన ఇసుకంతా అందులోనే ఉంది. శుభ్రం చేశాను. బల్లమీద బాగుంది, కారులో బాగులేదు.

చేపల డుంగీ, అంటే చిన్న చెక్క పడవ, నడిపే పక్కింటాయన గోడమీదుగా చూస్తున్నాడు.

"స్విచ్చులన్నీ ఠీకే కదా అన్నా, కారే మార్చెయ్."

"నీ డుంగీకి చక్రాలు పెట్టివ్వు, అదే నడుపుతా."

అన్నాక, ఆ డుంగీ దగ్గరే నా ఆలోచన ఆగింది. నా ఉద్యోగమంతా పడవల్లో కరెంటు పని. చెక్క పడవలో ప్రతి దీపానికీ రెండు తీగలు వేస్తాం. చెక్కలో కరెంటు పారదు కనక, తిరిగి రావడానికి రెండో తీగ ఉండాలి. కారులో ఆ పని ఇనుప బాడీ చేస్తుంది. నా కారుకు దీపాలు బిగించినచోట ఇనుము తుప్పుతో పొరలుగా ఊడుతోంది, కరెంటు తిరిగొచ్చే దారి అక్కడే తెగుతోంది. బల్లమీద నేను రెండు తీగలూ కలిపాను, అందుకే అక్కడ వెలిగింది.

చీకటి పడుతుండగా దీపాలు వేసి, ఒకదాని వెనకనుంచి ఒక నల్ల తీగను సూటిగా బ్యాటరీకి తాకించాను. గోడమీది మసక ఒక్కసారిగా తెల్లబడింది.

"అరే బస్, బస్! చాలన్నా!" పక్కింటాయన కళ్ళకు చేతులడ్డం పెట్టుకున్నాడు.

ఆదివారమంతా కూర్చుని రెండు దీపాలకూ తీగలు వేశాను.

సోమవారం వానలోనే వెళ్ళాం. తిరిగొచ్చేటప్పుడు పెద్ద గతుకు దగ్గర ఊపిరి బిగబట్టాను. వెలుగు చెదరలేదు. ఆవిడ అసలు రోడ్డే చూడడం లేదు.

"ఒక పిల్లకి 'ళ' రావడం లేదండీ," అంది. "వచ్చే వారం దాంతోనే మొదలుపెట్టాలి."