తుడవని తెల్ల పలక

ఆ రోజు పొద్దున నేను తెల్ల పలకను తుడవలేదు. చేసిన తప్పు అంతే. దాని శిక్షను ఇంకొకడి నెత్తిన వేశాను. అందుకే ఇప్పటికీ నా మీద నాకు మండుతుంది.

గాజువాకలో నాది రంగుల కొట్టు. గోడ పెచ్చు తెచ్చి ఇస్తే మిషన్ దాని రంగు కొలిచి, ఏ రంగు ఎంత కలపాలో చెబుతుంది. కొట్టు తెరవగానే ముందు దానికి తెల్ల పలక చూపించాలి, తెలుపంటే ఇదని. తర్వాత ఆకుపచ్చ పలక పెట్టి, దాని వెనక రాసివున్న అంకెలే వస్తున్నాయో లేదో చూసుకోవాలి. ముందు రాత్రి తెల్ల పలకను పెట్టెలో పెట్టడం మరిచాను. రేవు వైపు గాలికి తెల్లారేసరికి అన్నిటి మీదా నల్లటి బొగ్గు పొడి. ఇంట్లో గొడవపడి వచ్చిన చిరాకులో తుడవకుండానే పలక మీద మిషన్ ఆనించాను. ఆకుపచ్చ పలక జోలికే పోలేదు.

పొద్దున రంగు తీసుకెళ్ళిన పెయింటర్ సాయంత్రానికి, తను రంగు వేస్తున్న ఇంటావిడతో తిరిగొచ్చాడు. పైపు కోసం పగలగొట్టి పూడ్చిన చోట కొత్త రంగు వెలిసిపోయినట్టు ఉందట.

“నీళ్ళు కలిపేశాడండీ. రేపట్నుంచి వేరేవాణ్ణి పెట్టుకుంటాను,” అందావిడ.

“నానేటీ కలపనేదు బావా. నువ్విచ్చింది ఇచ్చినట్టే ఏసినాను. ఓపాలి మిషన్ సూడు.”

నలుగురి ముందూ అరిచాను. “మిషన్‌కి నీ మీద కక్షేటి? నీ సెయ్యి సంగతి నాకు తెల్దా?”

అతను నన్నొకసారి చూశాడు. “సరే సారూ,” అని బ్రష్షుల సంచి తీసుకుని వెళ్ళిపోయాడు. అంతవరకు నేనతనికి ఎప్పుడూ సారును కాను.

కొట్టు మూసేటప్పుడు పలక మీద వేలు తగిలి నల్లబడింది. మురికి పలకే తెలుపనుకున్న మిషన్, రోజంతా ప్రతి రంగునూ ఉన్నదానికంటే లేతగా కొలిచింది. తుడిచి, ఆకుపచ్చ పలకతో సరిచూసి, అతను పొద్దున ఇచ్చిన పెచ్చును మళ్ళీ కొలిచాను. అంకెలు మారాయి. పలకను నేలకేసి కొట్టాలనిపించింది. దాని తప్పేముంది?

మర్నాడు కొత్త డబ్బాతో అతని ఇంటికి వెళ్ళి, తప్పు నాదని చెప్పాను.

“నాకాడ సెప్తే ఏటి లాభం? ఆయమ్మ కాడ సెప్పు. ఈదంతా ఇనాల.”

ఆవిడ ఇంటి ముందు నిలబడి, వీధంతా వినేలాగే చెప్పాను. “మీ మాట నమ్మే కదండీ ఆయన్ని పొమ్మన్నాను,” అని ఆవిడ నన్ను దులిపేసింది. తర్వాత అతని వైపు తిరిగి, “నువ్వే వెయ్యి నాయనా, మిగతా ఇల్లు కూడా నువ్వే,” అంది.

అతను నిచ్చెనెక్కాడు. నేను కింద పట్టుకున్నాను.

“గట్టిగా అట్టుకో సారూ. నిచ్చెనకి నా మీద కక్షేటి?”

గట్టిగానే పట్టుకున్నాను. రంగు ఆరి, పూడ్చిన చోటు గోడలో కలిసిపోయేదాకా ఉండి, అప్పుడు కొట్టుకొచ్చి, ముందురోజు రంగు తీసుకెళ్ళిన వాళ్ళందరికీ ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టాను.