జెట్టులో తీగ పెట్టింది మామ కాదు

మా పక్కింటి మేస్త్రీ పోయి ఇవాళ్టికి పదకొండు రోజులు. మిర్యాలగూడలో మోటారు సైకిళ్ళు బాగుచేసేవాడు. నాకు వరస లేకపోయినా మామ అనే పిలిచేదాన్ని. బండి మీది నుంచి పడి, ఒక రాత్రి దవాఖానలో ఉండి, తెల్లవారి కన్నుమూశాడు. పోయినవాళ్ళ గురించి కొన్నాళ్ళు ఆగి, దుఃఖం తగ్గాక రాయడం మర్యాద. నాకు ఆగే వీలు లేదు. "తప్పు జెట్టు బిగించిండు, తన పని తననే సంపింది" అని ఆ బండి యజమాని, బియ్యం మిల్లు సావుకారి, బజారంతా చెబుతున్నాడు. అది అబద్ధం. పదిమంది నోట పడి అది గట్టిపడకముందే ఈ పత్రికకు రాస్తున్నాను.

జెట్టు అంటే తెలియని వాళ్ళకు చెబుతాను. నాకూ మామే చెప్పాడు. కార్బురేటరులో ఉండే చిన్న ఇత్తడి మర అది. మధ్యలో సన్నటి రంధ్రం. ఎక్సలేటరు పూర్తిగా తిప్పినప్పుడు ఇంజనుకు ఎంత పెట్రోలు పోవాలో ఆ రంధ్రమే చెబుతుంది. రెండు స్ట్రోకుల బండికి ఆయిలు కూడా పెట్రోలులోనే కలిపి పోస్తారు. రంధ్రం తగ్గిస్తే తగ్గేది పెట్రోలు ఒక్కటే కాదు, ఆయిలు కూడా. ఆయిలు చాలకపోతే ఇంజను వేడెక్కి లోపల బిగుసుకుంటుంది, దాన్నే పట్టేయడం అంటారు.

పెట్రోలు ధర పెరిగినప్పటి నుంచి మా దగ్గర ఒక తెలివి బయల్దేరింది. కరెంటు వైరులోంచి ఒక రాగి పోగు తీసి ఆ రంధ్రంలో దూరుస్తారు. మైలేజీ పెరుగుతుంది. "జర పోగు పెట్టు మేస్త్రీ" అని రోజూ ఎవరో ఒకరు వచ్చేవాళ్ళు. మామ పెట్టేవాడు కాదు. "నీ పిలగానికి అన్నం తగ్గియ్యి, బియ్యం మస్తు మిగుల్తయి. పో" అనేవాడు. జెట్టు విప్పి, నోటితో ఊది, ఒక కన్ను మూసి ఎండకు పట్టి చూసేవాడు. పని అయ్యాక చేతులను కిరోసిన్‌తోనూ ఊక బూడిదతోనూ ఎంత తోమినా వాసన పోయేది కాదు. అత్త ఆయన గ్లాసు వేరుగా పెట్టి, "గిండ్ల చాయ్ తాగితే పీనుగ గూడ స్టార్టయితది" అని నవ్వేది.

మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేను. కోదాడలో టీచరుగా చేరాల్సిన రోజు పొద్దున బస్సు రాలేదు. నాయన పరేషాన్ అవుతుంటే మామ తన పాత బండి తెచ్చాడు. వాడకట్టు అంతా చూస్తుందని నేను నిలబడిపోయాను. అత్త వెనక నుంచి నెట్టింది.

"ఎక్కు పిల్లా. వాడకట్టోల్లు నీకు నౌకరి ఇస్తరా?"

హుజూర్‌నగర్ దాటినంక, చక్కటి రోడ్డు మీద మామ ఎక్సలేటరు ఫుల్లు తిప్పి, కొంత దూరం పోయి, ఉన్నట్టుండి క్లచ్చి పట్టి ఇంజను ఆపేశాడు. దిగి ప్లగ్గు విప్పుతున్నాడు.

"మామా, పది గంటలకు చేరాలె!"

"నువ్వు చేరాల్నంటే ఇది గూడ చేరాలె గద బిడ్డా." ప్లగ్గు నా ముందు పెట్టాడు. "సూడు. చాయ్ రంగుంటే మంచిగున్నట్టు. నల్లగుంటే ఎక్కువ తాగుతున్నట్టు. తెల్లగుంటే లోపల ఎండుతున్నట్టు. ఫుల్లు పోయి ఆపితేనే అసలు రంగు తెలుస్తది. మెల్లగ పోతే అన్ని బండ్లు మంచియే."

ఆయన పోవడానికి ముందు ఆదివారం నేను ఇంటి దగ్గరే ఉన్నాను. ఆ బియ్యం మిల్లు బండిని గుమాస్తా తెచ్చాడు. నిడమనూరు వైపు వడ్లు చూడడానికి పొలం గట్ల మీద, బురదలో తిరిగే బండి. మామ జెట్టు విప్పి, గుండుసూదితో రాగి పోగు లాగి నా అరచేతిలో పెట్టాడు.

"సావుకారి ఊకోడు మేస్త్రీ. లీటరుకు ఎంతొచ్చిందని రోజు అడుగుతడు" అన్నాడు గుమాస్తా.

"బురదల రెండో గేరుల పోయేదానికి తారురోడ్డు మైలేజీ యాడికెళ్ళొస్తది? మీ సావుకారిని ఒక్క పూట ఎనక కూసోబెట్టుకో. ఇంజనే జవాబు చెప్తది."

గుమాస్తా పగలబడి నవ్వాడు. మామ నవ్వలేదు. "తీగ తీసిన. మళ్ళ పెట్టకుండ్రి. ఇంజను పట్టేస్తది. ఎవన్నో సంపుతది."

గురువారం మిల్లు నుంచి కబురు వచ్చింది. బండి గుంజుత లేదట, ఏం పాడుచేసినవని అడిగారట. నాలుగు రోజుల కింద తానే సాఫు చేసిన జెట్టు కదా, ఇంకేం లోపముందో ప్లగ్గు చెబుతుందనుకున్నాడు మామ. ఆ బండి ఎక్కి కాలువ గట్టు మీద ఫుల్లు తిప్పాడు. ఇంజను పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుంది. తల రాళ్ళకు కొట్టుకుంది.

కబురు విని నేను కోదాడ నుంచి దవాఖానకు పోయేసరికి, వరండాలో గుమాస్తా అత్త కాళ్ళ దగ్గర కూర్చొని ఏడుస్తున్నాడు. "నిన్న ఇంకో మెకానిక్‌తోని తీగ మళ్ళ పెట్టిచ్చిండ్రక్కా. సావుకారి పక్కనే ఉండె, మేస్త్రీకి చెప్పలేకపోయిన." నా చెవులతో విన్నాను. దహనమైన మర్నాడు అడిగితే, "నేనేమనలేదమ్మా. నాకు ముగ్గురు పిల్లలు" అన్నాడు. ఆయన మీద నాకున్నది సగం కోపమే.

సావుకారి అడుగుతున్నాడు, గుమాస్తా నెలల తరబడి నడిపితే కానిది మేస్త్రీ ఎక్కగానే ఎందుకయిందని. ఎందుకంటే, సావుకారీ, మీ గుమాస్తా బురదలో మెల్లగా పోతాడు. ఆ జెట్టుతో అక్కడ పని తక్కువ. బండి లోపం తెలుసుకోవడానికి పూర్తిగా తిప్పేవాడు మేస్త్రీ ఒక్కడే. పని సరిగ్గా చేయబోయాడు కాబట్టే పోయాడు. మీరు మిగుల్చుకున్న పెట్రోలు ఎంతో నాకు తెలియదు. పని రాని మనిషి భార్య అని అత్తను ఇప్పుడు జాలిగా చూస్తున్నారు. ఆ జాలిని నేను భరించలేను.

ఆ కార్బురేటరును మిల్లు గదిలో పెట్టి తాళం వేశారు. అత్త ముందు, నలుగురు మేస్త్రీల ముందు విప్పండి. జెట్టు సాఫుగా ఉంటే ఇదే పత్రికలో నా పేరుతో క్షమాపణ రాస్తాను.

ఇంకొకటి. మీకు రెండో బండి ఉంది. ఇవాళ పొద్దున గుమాస్తా దాని మీద వడ్ల సంచి పెట్టుకొని నా ముందు నుంచే కాలువ గట్టు ఎక్కాడు. నన్ను చూసి తల దించుకున్నాడు. గట్టు చక్కగా ఉన్నచోట బండి చప్పుడు పెరిగింది. దుమ్ములో కలిసిపోయేదాకా చూస్తూ నిలబడ్డాను. ఆ బండిలో తీగ ఉందా, లేదా? ఈ నెల ఇరవై అయిదో తారీఖు లోపల జవాబు ఇయ్యండి.