ఊపిరి అంగుళం

కరోనా వెళ్ళిన తర్వాత వచ్చిన రెండో వేసవిలో, ఫిల్మ్ నగర్‌లోని ఒక నిర్మాణ సంస్థ నన్ను సూపర్‌హీరో సినిమాకు కాస్ట్యూమ్ చీఫ్‌గా నియమించింది. నియమించిందంటే ఆర్డరు కాగితాలూ సంతకాలూ ఏమీ ఉండవు. జూబ్లీహిల్స్ ఆఫీసు నుంచి మేనేజరు ఫోన్ చేసి, "సుగుణ గారూ, సోమవారం నుంచి వచ్చేయండి" అంటాడు, అంతే. మా పరిశ్రమలో ఉద్యోగం అలాగే వస్తుంది, అలాగే పోతుంది. అప్పటికి నాకు ఈ పనిలో ముప్పై ఏళ్ళు దాటాయి. సూదిలో దారం ఎక్కించాలంటే దీపం దగ్గరికి పరిగెత్తాల్సి వస్తోంది కాబట్టి ఇదే నా చివరి పెద్ద పని అని ఇంట్లో చెప్పాను. ఇంట్లో ఎవరూ నమ్మలేదు.

కాస్ట్యూమ్ చీఫ్ ఏం చేస్తారో చాలామందికి తెలియదు. డిజైనర్ బొమ్మ గీస్తారు. ఆ బొమ్మను మనిషి ఒంటి మీదికి ఎక్కించడం చీఫ్ పని. కొలతలు తీయాలి, గుడ్డ తెప్పించాలి, కుట్టించాలి, ట్రయల్ చూడాలి, షూటింగులో చొక్కా చిరిగితే నిలబడి తిట్లు తినాలి. డిజైనర్ పేరు తెర మీద మొదట్లోనే పడుతుంది. మా పేరూ పడుతుంది గానీ, అప్పటికి జనం చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు.

ఎన్నో ఏళ్ళు మగవాళ్ళ కొలతలు తీసినదాన్ని. ఎవరి నడుం ఎంతో నాకు తెలుసు, చెప్పను. ఒక్క రహస్యం మాత్రం చెబుతాను. నడుం చుట్టూ టేపు పడగానే ప్రతి హీరో ఊపిరి బిగబడతాడు. నిన్న వచ్చిన కుర్రాడైనా అంతే, మనవల్ని ఎత్తుకున్నవాడైనా అంతే. పొట్ట లోపలికి, చూపు గోడ మీదికి. మేం ఏమీ అనం. టేపు చెప్పిన అంకెకు ఒక అంగుళం కలిపి పుస్తకంలో రాసుకుంటాం. మా కుట్టుగదిలో దాని పేరు ఊపిరి అంగుళం. ఆ అంగుళం చంక నుంచి నడుం దాకా దిగే పక్క కుట్టులో దాక్కుంటుంది. హీరో గారికి తెలియదు, తెలియనివ్వకూడదు.

ఈ సినిమా హీరో హర్షిత్. భీమవరం అబ్బాయి, అంతకుముందు ఒకే ఒక్క సినిమా చేశాడు, అది ఎప్పుడొచ్చిందో ఎప్పుడు వెళ్ళిందో ఎవరికీ గుర్తులేదు. వాడికి టేపు చుట్టగానే చక్కిలిగింతలు పుట్టి పకపకా నవ్వాడు. ఊపిరి బిగబట్టకుండా నిలబడిన హీరోను నేను చూడటం అదే మొదటిసారి. అయినా అలవాటు పోతుందా? అంగుళం కలిపే రాశాను.

సూట్ కుట్టే పని ఖాదర్ మాస్టర్‌ది. బోరబండలో రేకుల షెడ్డు, అందులో ఆరుగురు టైలర్లు. పాతికేళ్ళుగా నా సినిమాల బట్టలన్నీ ఆయన చేతుల మీదే తయారయ్యాయి. కరోనా కాలమంతా మాస్కులు కుట్టి గడిపిన షెడ్డు అది. ఈ సూట్ దక్కితే సినిమాలోని విలన్లకూ సైన్యానికీ బట్టలు కూడా వాళ్ళవే. దక్కకపోతే మిషన్లు అమ్మేసి షేక్‌పేటలో కర్టెన్ల దుకాణంలో కూర్చుంటానని ఆయన నాతో ముందే అన్నాడు. ఆయన నవ్వుతూనే అన్నాడు, నాకే ఆ మాట లోపల గుచ్చుకుంది. ఎందుకంటే, మా పని నచ్చకపోతే రబ్బరు అచ్చుతో సూట్లు పోసే ముంబయి కంపెనీకి ఆర్డరు వెళ్ళిపోతుందని నిర్మాత గారు మొదటి రోజే చెప్పారు.

డిజైన్ కాగితం చూసి మాస్టర్ అడిగిన మొదటి ప్రశ్న ఇది: "మేడమ్, గీ చెడ్డీ ప్యాంటు లోపల ఉండాల్నా, బయట ఉండాల్నా?" బయటే అన్నాను. ఆయన ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "సరే, పెద్దోళ్ళు, వాళ్ళిష్టం" అన్నాడు. వెనక వేలాడే కేప్‌ను ఆయన చివరిదాకా దుపట్టా అనే పిలిచాడు.

సూట్ సిద్ధమయ్యాక లుక్ టెస్ట్ చేస్తారు. హీరోను పూర్తి వేషంలో కెమెరా ముందు నిలబెట్టి, ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి తీసి తెర మీద చూసుకోవడం అన్నమాట. మొదటి లుక్ టెస్ట్ చూసి నిర్మాత గారు కళ్ళజోడు తీసేశారు. "ఏంటండీ సుగుణ గారూ ఇది? వీణ్ణి చూసి ఆడపిల్లలు మనసు పారేసుకోవాలి. బియ్యం బస్తా తొడిగినట్టుందేంటి?" అన్నారు. నా అంగుళమే కొంప ముంచింది. ఊపిరి బిగబట్టని మనిషికి ఆ అంగుళం వేలాడుతుంది మరి.

తర్వాత గంటసేపు ఆ గదిలో జరిగిన చర్చ నేను జన్మలో మరచిపోను. సూపర్‌హీరోలో జనానికి నచ్చేదేమిటి? ఛాతీ అన్నారు నిర్మాత గారు. దవడ అన్నాడు దర్శకుడు, ముసుగు వేస్తే మిగిలేది అదే కదా అని ఆయన వాదన. గాల్లోకి లేచినప్పుడు దుపట్టా, క్షమించాలి, కేప్ ఎగిరే తీరు అన్నాడు గ్రాఫిక్స్ అబ్బాయి. చివరికి నిర్మాత గారు నా వైపు తిరిగి, "మీరు ఆడవాళ్ళు కదండీ, మీరు చెప్పండి" అన్నారు. "నేను ఎప్పుడూ టేపు వైపే చూశాను సార్" అన్నాను. అందరూ నవ్వారు. అది అబద్ధమని నాకు తెలుసు, వాళ్ళకూ తెలుసు.

తీర్పు మాత్రం వచ్చింది: లూజు మొత్తం తీసేయాలి, ఛాతీకీ భుజాలకూ కండలు పెంచాలి, వారంలో మళ్ళీ టెస్ట్, అదే ఆఖరు. ఈ మాట చెబితే ఖాదర్ మాస్టర్ మండిపడ్డాడు. "కండలు పెంచాల్నంటే జిమ్ముకు తోలుండ్రి, నా మిషన్ కాడికి ఎందుకు తోలిండ్రు?" అన్నాడు. అన్నాడే గానీ, ఫోమ్ తెప్పించి పొరలు పొరలుగా కోసి కండలు కుట్టాడు. పక్క కుట్టులోని అంగుళాన్ని నా చేత్తో నేనే చాక్‌పీసు గీసి తీయించాను. కెమెరా ముందు నిలబడే మనిషికి లూజెందుకు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇది మా వృత్తివాళ్ళు మాత్రమే చేసే తప్పు. లుక్ టెస్ట్‌లో మనిషి నిలబడే ఉంటాడు కాబట్టి, నిలబడ్డ మనిషికే బట్ట కుడతాం. సినిమాలో వాడు కూర్చుంటాడనీ వంగుతాడనీ అప్పుడు గుర్తురాదు.

రెండో టెస్ట్ రోజున సూట్ తొడగడానికి ముగ్గురం ముప్పావుగంట చెమటోడ్చాం. ఛాతీ అదిరింది, కాదనను. కానీ హర్షిత్ చేతులు కిందికి దిగవు. రెక్కలు విప్పిన కోడిపుంజులా నడుస్తున్నాడు. కుర్చీలో కూర్చోలేడు, గోడకు చెక్క ఆనించి దాని మీద వాలబెట్టాం. టీ స్ట్రాతో తాగాడు. ముక్కు దురద పెడితే మాస్టర్ గోకాడు. అయినా ఆ అబ్బాయి ఒక్కసారి విసుక్కోలేదు. "మేడమ్ గారూ, విలన్ వచ్చి నన్ను తోసేస్తే లేపడానికి మీ ముగ్గురూ ఫ్రేములో ఉంటారు కదా?" అని మాత్రం అడిగాడు.

ముందు, పక్క, వెనక, అన్నీ తీశారు. కట్ చెప్పాల్సిన దర్శకుడికి ఏదో ఫోన్ వస్తే బయటికి వెళ్ళాడు. కెమెరా నడుస్తూనే ఉంది, మేం గమనించలేదు. ఈలోగా హీరో బూటు పట్టీ ఊడిందని ఖాదర్ మాస్టర్ కింద కూర్చుని బిగించాడు. బిగించాక లేవబోతే మోకాళ్ళు పట్టేశాయి. "యా అల్లా" అని అలాగే ఉండిపోయాడు. హర్షిత్ రెండోమాట లేకుండా వంగి, రెండు మోచేతులూ పట్టుకుని, గుడ్డుని ఎత్తినంత నెమ్మదిగా ఆయన్ని లేపి నిలబెట్టాడు. చర్రుమని చప్పుడైంది. చంక నుంచి నడుం దాకా పక్క కుట్టు విచ్చుకుపోయి, లోపలి తెల్ల బనియను బయటపడింది. భుజం కండ ఒకటి ఊడి నేల మీద దొర్లింది. హర్షిత్ నాలుక కరుచుకుని, చెవుల దాకా ఎర్రబడి, ఆ ఫోమ్ ముక్క తీసి దుమ్ము దులిపి మాస్టర్ చేతిలో పెట్టాడు. "సారీ మాస్టర్ గారూ, మీ కండ పడిపోయింది" అన్నాడు.

మేం గప్‌చుప్‌గా కుట్టేశాం. ఎవరితోనూ అనలేదు.

ఆ సంస్థలో ఒక ఆనవాయితీ ఉండేది. హీరో కొత్త వేషం ఏదైనా సరే, యూనిట్‌కు వండిపెట్టే మెస్ ఆడవాళ్ళు చూసి సరే అనేదాకా ఖాయం చేయరు. వెనకెప్పుడో వాళ్ళు వద్దన్న విగ్గును పట్టుబట్టి వాడినందుకు నిర్మాత గారు దెబ్బతిన్నారట. మెస్‌కు పెద్ద యాదమ్మ, రహమత్ నగర్ మనిషి. మొహమాటం ఎరగదు. మర్నాడు భోజనాలయ్యాక ఆమె, ఇంకో నలుగురు ఆడవాళ్ళు, ఫిల్మ్ నగర్‌లోని చిన్న ప్రివ్యూ థియేటర్‌లో ముందు వరసలో కూర్చున్నారు. వెనక నేనూ ఖాదర్ మాస్టరూ, ఆఫీసు మేనేజరూ. నిర్మాత గారు తెర వైపు కాదు, వాళ్ళ మొహాల వైపు తిరిగి కూర్చున్నారు.

ముందు నుంచి ఛాతీ వచ్చింది. యాదమ్మ పక్కావిడతో రేపటి పప్పు గురించి మాట్లాడుతోంది. పక్క నుంచి వచ్చింది. ఒకావిడ ఆవులించింది. వెనక నుంచి వచ్చేసరికి నిర్మాత గారు ఫోన్ తీశారు, ముంబయికే అనుకుంటాను. అంతలో తెర మీద మాస్టర్ కింద కూర్చున్నాడు. ఆ ముక్క కూడా కెమెరాలో పడిందని మాకు అప్పుడే తెలిసింది. ఖాదర్ మాస్టర్ కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఖతం మేడమ్, మన పని ఖతం" అన్నాడు.

చర్రుమన్న చప్పుడు హాలంతా వినపడింది. ముందు వరసలో మాటలు ఆగిపోయాయి. కండ దొర్లగానే పగలబడి నవ్వారు. హర్షిత్ నాలుక కరుచుకుంటే ఒకావిడ, "అయ్యో బిడ్డా!" అంది. లైట్లు వెలిగాయి. యాదమ్మ వెనక్కి తిరిగి, "మల్ల ఎయ్యుండ్రి" అంది. మళ్ళీ వేశారు. మూడోసారి కూడా వేశారు. మూడోసారికి మేనేజరు కూడా, "సార్, నాకే ముద్దొస్తున్నాడండీ" అన్నాడు.

దాంట్లో ఏముందని నిర్మాత గారు అడిగారు. యాదమ్మ, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు చూసింది. "ముందుగాల బట్టల దుకాణంల బొమ్మ లెక్క నిలవడ్డడు సార్. బొమ్మను సూసి ఏం జేస్తం? గంత ఛాతీ ఉన్నోడు గా పెద్దమనిషిని ఎంత పైలంగ లేపిండో సూడుండ్రి. మల్ల బట్ట చినిగితె సిగ్గుపడ్డడు. గాడ పడిపోయిన నేను" అంది. మిగతా నలుగురూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

నిజం చెప్పొద్దూ, ఆ మోచేతులు పట్టుకున్నచోట నేనూ పడిపోయాను. ఇన్నేళ్ళ నా టేపు గాంభీర్యం అక్కడే మంట కలిసింది.

నిర్మాత గారు గడ్డం గోక్కున్నారు. తర్వాత అందరి ముందే ముంబయి కంపెనీకి ఫోన్ చేసి, మీ సూట్‌లో మనిషి వంగగలడా అని అడిగారు. వంగడం అవసరమైతే గ్రాఫిక్స్‌లో వంచుకోవచ్చని అవతలివాళ్ళు చెప్పారు. ఆయన ఫోన్ పెట్టేసి, "మాస్టర్ గారూ, వీడు వంగాలి. మీరే కుట్టండి" అన్నారు. ఖాదర్ మాస్టర్ జేబురుమాలుతో మొహం తుడుచుకున్నాడు. ఎంతకీ ఆ రుమాలు మొహం మీంచి తీయలేదు. నేను అటు చూడకుండా సంచి సర్దుకున్నాను.

సగం ఫోమ్ తీసేశాం. పక్క కుట్టులో సాగే గుడ్డ వేసి, నా అంగుళాన్ని దాని చోట మళ్ళీ పెట్టాం. ఇక అక్కడి నుంచి నా ట్రయల్ పద్ధతి మారింది. బట్ట వేసుకున్నాక హీరో నేల మీద పడేసిన టేపును వంగి తీసి నా చేతికివ్వాలి. ఇవ్వలేకపోతే ట్రయల్ తప్పినట్టే. సూపర్‌హీరో బట్టలో ముందు చూడాల్సింది ఛాతీ కాదు, పక్క కుట్టు. బలం ఉందని నిలబడితే తెలుస్తుంది, ఆ బలంతో ఏం చేస్తాడో వంగితేనే తెలుస్తుంది. జనం చూసేది ఆ రెండోదే. నేను నేర్చుకున్నది ఇంతే.

సినిమా ఆడింది. హీరో వంగిన ప్రతిచోటా హాల్లో ఈలలు పడ్డాయి. ఏడాది తర్వాత హర్షిత్ తర్వాతి సినిమాకు, నా ఆఖరి పనిగా, ఖాదర్ మాస్టర్‌ను వెంటబెట్టుకుని కొలతలకు వెళ్ళాను. మమ్మల్ని చూడగానే మా ఇద్దరి కాళ్ళకూ దండం పెట్టాడు, అదే నవ్వు. టేపు నడుం చుట్టూ వేశాను. చక్కిలిగింతలు లేవు. పొట్ట లోపలికి పోయింది, చూపు గోడ మీదికి వెళ్ళింది. మాస్టర్ నా వైపు చూశాడు, నేను మాస్టర్ వైపు చూశాను. ఏమీ అనలేదు. అంగుళం కలిపి రాసుకున్నాను.